నిలువు రెక్కల పాత బంగ్లా: కొనేముందు ఎక్కడ తట్టి చూడాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే తరహా ఇంటి గురించి. చదునైన స్లాబు, స్తంభం లేకుండా ముందుకు చొచ్చుకొచ్చిన పోర్టికో, కిటికీల పక్కన నిలువు కాంక్రీటు రెక్కలు, మెట్ల దగ్గర జాలీ గోడ, లోపల మొజాయిక్ గచ్చు. 1959లో వరంగల్‌కు ఆర్ఈసీ (రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ, ఇప్పటి ఎన్ఐటీ), కాకతీయ మెడికల్ కాలేజీ వచ్చాక ఊరు హనుమకొండ, కాజీపేటల మధ్యకు జరుగుతున్న కాలపు ఇళ్ళివి. చండీగఢ్‌లో మొదలైన ఆధునిక కట్టడాల గాలి పీడబ్ల్యూడీ (ప్రజాపనుల శాఖ) ఇంజినీర్ల డ్రాయింగు బల్లల మీదుగా మన దాకా వచ్చింది. కట్టినవాళ్ళ పిల్లలు దూరాన స్థిరపడ్డారు కాబట్టి ఇప్పుడు ఒక్కొక్కటే అమ్మకానికి వస్తున్నాయి. ఆ ఉత్తరాలకే ఈ నెల జాగా ఇచ్చాం.

ప్రశ్న: సుబేదారి వైపు 1970లో కట్టిన ఇల్లు బేరానికి వచ్చింది. 600 గజాల జాగ, కిందా మీదా కలిపి 2,000 చదరపు అడుగుల కట్టడం. ముందు వేప, వెనక మామిడి. ఇంటిల్లిపాదికీ నచ్చింది. బ్రోకరేమో "ఇంటికి విలువ లేదు, జాగకే పైసలు, కూలగొట్టి కట్టుకోండి" అంటున్నడు. అమ్మేవాళ్ళేమో "మొన్ననే రంగులు వేయించినం, రాయి లెక్క ఉంటది" అంటున్నరు. ఎవరి మాట పట్టుకోవాలి? (హనుమకొండ)

ఇద్దరినీ పక్కనబెట్టి స్లాబునడగండి.

ఇలాంటి ఇళ్ళలో బరువంతా గోడల మీదే. తొమ్మిదంగుళాలు, పద్నాలుగంగుళాల ఇటుక గోడలు చెమ్మ పట్టకుంటే ఇంకో తరం నిలుస్తాయి. ముందు దెబ్బతినేది స్లాబులోని ఇనుము. ఆ రోజుల్లో చువ్వల కింద కాంక్రీటు పొర అరంగుళానికి అటూ ఇటూగా వేసేవారు. 2000 నాటి కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 అడిగేది కనీసం 20 మిల్లీమీటర్లు. పైగా చేత్తో కలిపి, నీళ్ళు ఎక్కువ పోసి, కడ్డీతో పొడిచి దించిన కాంక్రీటు అది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు అందులోకి ఏటా కొంచెం కొంచెం దిగుతుంది. కాంక్రీటులో క్షారం ఉన్నన్నాళ్ళు ఇనుముకు తుప్పు పట్టదు. వాయువు ఆ క్షారాన్ని చంపుకుంటూ చువ్వ దాకా చేరాక, పైనుంచి చెమ్మ కూడా తగిలితే తుప్పు మొదలవుతుంది. తుప్పుకు ఇనుము కంటే రెండు మూడింతల చోటు కావాలి. ఆ ఒత్తిడికే కింది పొర పెచ్చులుగా రాలుతుంది.

అందుకే కొత్త రంగు కనిపించిన గదినే ముందు అనుమానించాలి. పొడుగాటి కర్రకు చిన్న సుత్తి కట్టుకుని స్లాబు అడుగంతా అడుగుకొకచోట తట్టండి. గట్టి చోట ఖంగుమంటుంది, పొర విడిన చోట డొల్ల చప్పుడు వస్తుంది. డొల్ల చోట సుద్దముక్కతో గీత గీసి ఫొటో తీసుకోండి. పై అంతస్తు బాత్రూం కింద, నీళ్ళ ట్యాంకు కింద, వాన గొట్టాల నోళ్ళ చుట్టూ, సజ్జల అడుగున, మెట్ల గది కప్పున తప్పకుండా చూడాలి. గీతలు ఈ నాలుగైదు చోట్లకే పరిమితమైతే అది మరమ్మతు పని. హాల్లోనో పడకగదిలోనో స్లాబు అడుగున ఐదారంగుళాలకొకటి చొప్పున తిన్నగా, సమాంతరంగా పగుళ్ళు కనిపిస్తే వేరే సంగతి. అవి చువ్వల వరసలే. లోపల ఇనుమంతా ఉబ్బుతోందని అర్థం.

తర్వాతి పరీక్షకు అమ్మేవాళ్ళ అనుమతి అడగండి. డొల్ల లేని రెండు మూడు చోట్ల రూపాయి బిళ్ళంత పెచ్చు కొట్టి, దుమ్ము ఊది, తాజా గాటు మీద ఒక శాతం ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లండి. స్కూలు ల్యాబులో వాడేదే. గులాబీ రంగు తేలితే అక్కడ క్షారం బతికే ఉంది. రంగు రాకుండా చువ్వ దాకా అలాగే ఉంటే రక్షణ పోయినట్టు. చువ్వ బయటపడ్డ చోట తుప్పు గీకి వెర్నియర్‌తో కొలవండి. మేస్త్రీలు మూడు సూతులనే చువ్వ, అంటే సుమారు 10 మిల్లీమీటర్లది, 9కి తగ్గిందనుకోండి. కంటికి పదో వంతే పోయినట్టుంటుంది, కోతలో పోయింది 19 శాతం. 8.5కు దిగితే 28 శాతం. పాతిక శాతం దాటిందంటే గిలాబుతో కప్పడం కుదరదు, పక్కన కొత్త చువ్వ చేర్చాల్సిందే.

పోర్టికో విషయంలో మాత్రం కింద తట్టి చూసి సంతృప్తి పడకండి. స్తంభం లేకుండా గోడలోంచి ముందుకు వేలాడే స్లాబులో అసలు ఇనుము పై వరసలో ఉంటుంది. మీద పొర పగిలి నీళ్ళు దిగితే పై చువ్వలే తుప్పు పడతాయి, అడుగు భాగం నున్నగా అందంగానే ఉంటుంది. మామూలు స్లాబు పెచ్చులు రాల్చి ముందే చెబుతుంది, ఇది చెప్పకుండా వంగుతుంది. సజ్జలదీ ఇదే తీరు. మేస్త్రీ వాడే నీళ్ళ గొట్టంతో గోడ దగ్గరి మట్టాన్నీ, చివరి మట్టాన్నీ పోల్చండి. కట్టినప్పుడే నీళ్ళు పోవడానికి కొంత వాలు ఇచ్చి ఉండొచ్చు, కాబట్టి వాలొక్కటే నేరం కాదు. గోడ కలిసే చోట స్లాబు పై ముఖాన పొడుగునా పగులు ఉండి, వాలు కూడా ఉంటే కింద జాకీలు పెట్టించాకే మిగతా మాటలు. అంతవరకు పైకెక్కకండి, కింద కారు పెట్టకండి.

ఇక విలువ. బ్యాంకు వాల్యుయర్ లెక్క సుమారుగా ఇలా నడుస్తుంది. ఉదాహరణకు, ఈ ఇల్లు ఇప్పుడు కడితే చదరపు అడుగుకు 1,800 చొప్పున 36 లక్షలవుతుందనుకుందాం. ఆయుష్షు 80 ఏళ్ళు, వయసు 55, చివరికి మిగిలే పాత సామాను విలువ 10 శాతం. తరుగుదల 80లో 55 వంతు, దాన్లో 90 శాతం, అంటే దాదాపు 62 శాతం. మిగిలిన కట్టడం విలువ 13 లక్షల 70 వేల చిల్లర. స్లాబు బాగుంటే ఆయుష్షు 80గా ఒప్పుకుంటారు. బాగా లేకపోతే 60కి కుదిస్తారు, విలువ 6 లక్షల 30 వేలకు పడిపోతుంది, అప్పు తీర్చే గడువూ తగ్గిస్తారు. బ్రోకరు మాటలో నిజం అంతవరకే. మొజాయిక్, పాత టేకు దర్వాజలు, రాతి పలకల గోడ ఈ లెక్కలోకి రావు. అదే పనితనం ఇవాళ చేయించబోతే తెలుస్తుంది ధర.

ప్రశ్న: అలాంటి ఇల్లే మాది. పైన సున్నం కాంక్రీటు, దాని మీద షాబాదు బండలు. మూడేళ్ళుగా హాలు మూల కురుస్తోంది. ప్రతి ఎండాకాలం సిమెంటు మాలు పొర వేయిస్తున్నాం, ఆ ఏడు ఆగుతుంది, మళ్ళీ మొదలు. ఈసారి ఇంకాస్త మందంగా వేయించమంటారా? (కరీంనగర్)

వద్దు. ఇప్పటిదాకా వేసిందే ఎక్కువైంది. అంగుళం మాలు పొర చదరపు మీటరుకు 50 కిలోల పైచిలుకు బరువు. కింద ఉన్న మూడంగుళాల డంగు సున్నం కాంక్రీటు దాదాపు 140 కిలోలు. ఇలాంటి కప్పు స్లాబును మనుషులు తిరగడానికని 150 కిలోల అదనపు బరువుకు లెక్క కడతారు. మూడు పొరలేస్తే ఆ మొత్తం మింగేసినట్టే.

నీళ్ళు పైనుంచి ఎక్కడ దిగుతున్నాయో, కింద అక్కడే కురవాలని లేదు. స్లాబు మీద సున్నపు పొర అడుగున పారి, బలహీనమైన చోట కిందికి వస్తాయి. ముందు చూడాల్సినవి రెండు. పిట్టగోడ స్లాబును తాకే మొదలు, వాన గొట్టం నోరు. చాలా ఇళ్ళలో లోపం ఈ రెంటి దగ్గరే. ఆ మొదట్లో మాలు తవ్వి, పగులు కడిగి, పాలిమర్ కలిపిన మాలుతో నింపి, మూడంగుళాల పావు గుండ్రం తీర్చితే చిన్న ఖర్చుతో పోవచ్చు.

పోకపోతే, ఒక బండ లేపి సున్నం చేత్తో నలపండి. గట్టిగా గులకరాయిలా ఉంటే దాన్ని ఉంచి, బండల సందులు మాత్రం తవ్వి నింపించండి. తడిగా, పొడిపొడిగా ఉంటే మొత్తం తీసేయాలి. తీసేటప్పుడు రెండు తప్పులు జరుగుతుంటాయి. ఒకటి, బ్రేకర్ మిషన్ పెట్టడం. ఆ అదురుకు కింది పెచ్చులన్నీ కదులుతాయి. ఉలి, సుత్తితోనే తీయించండి. రెండు, తీసిన రాళ్ళమట్టిని స్లాబు మధ్యలో కుప్ప పోయడం. రెండడుగుల కుప్ప చదరపు మీటరుకు 800 కిలోలు. ఎప్పటికప్పుడు కిందికి దించాల్సిందే.

స్లాబు బయటపడ్డాక పగుళ్ళు నింపి, పాలిమర్ సిమెంటు పూత రెండు చేతులు, మధ్యలో గాజునారు జాలీ. పూతను పిట్టగోడ మీదికి కనీసం అరడుగు, వీలైతే అడుగు ఎక్కించాలి. ఆరాక గొట్టం నోళ్ళు మూసి రెండంగుళాల నీళ్ళు ఒక రోజు నిలబెట్టండి. కింద చెమ్మ కనపడకుంటేనే మీద రక్షణ పొర. దానికి వాలు నూటికి ఒకటి, అంటే పదడుగులకు అంగుళం పావు. మార్కెట్లో దొరికే రబ్బరు పెయింటు ఒక్కటే పూస్తే సరిపోదా అని మీరు ఉత్తరం చివర్లో అడిగారు. అడుగున తడి ఉండగా పూస్తే ఎండకు ఆ తడి ఆవిరై బొబ్బలు లేస్తుంది. పని ఫిబ్రవరిలో మొదలుపెట్టండి, మే ఆఖరుకు మేస్త్రీ దొరకడు.

కింది వైపు పెచ్చులు బాగు చేసే క్రమం కూడా చెప్పేస్తాం. ముందు జాకీలు, మీటరుకొకటి. ఆ తర్వాత వదులు కాంక్రీటు కొట్టడం. చువ్వ వెనక కూడా ముప్పాతిక అంగుళం ఖాళీ వచ్చేదాకా కొట్టాలి, సగం చువ్వ కాంక్రీటులో ఉండగా ముందు సగానికే మందు పూస్తే వెనక సగం తుప్పు పడుతూనే ఉంటుంది. వైరు బ్రష్షుతో మెరిసేదాకా రుద్ది, జింకు ప్రైమర్ పూసి, బంధం పూత తడి ఆరకముందే పాలిమర్ మాలు అరంగుళం చొప్పున పొరలుగా ఎక్కించాలి. ఒకేసారి రెండంగుళాలు కొడితే సొంత బరువుకే జారిపోతుంది.

ప్రశ్న: కొన్న ఇంట్లో మొజాయిక్ గచ్చు మసకబారింది, మూడు చోట్ల పగిలింది. దాని మీదే విట్రిఫైడ్ టైల్స్ అతికిస్తే తవ్వకం ఖర్చు తప్పుతుందని షాపులో చెప్పారు. (వరంగల్)

ఖర్చు తప్పదు, మారుతుంది. టైలు, జిగురు కలిసి అరంగుళం పైన లేస్తుంది. ప్రతి తలుపు అడుగు కోయాలి, బాత్రూం గడప మట్టం తిరగబడుతుంది, మెట్లలో మొదటి మెట్టు ఒకటి పొట్టి, చివరిది ఒకటి పొడుగు అవుతాయి. రాత్రిపూట జారిపడేది అక్కడే.

మొజాయిక్ మసక పైపైదే. పాలరాతి ముక్కలు సిమెంటులో కలిపి అక్కడికక్కడే పోసిన గచ్చు అది, ముక్కల పొర మందం పావంగుళం నుంచి అరంగుళం. ఎన్నిసార్లు పాలిష్ పట్టినా తరగనంత సరుకుంది. మిషన్‌కు 60, 120, 320 నంబరు రాళ్ళు వరసగా మారుస్తూ, నీళ్ళు పోస్తూ మూడు కోతలు. మొదటి కోత తర్వాత సన్న బెజ్జాల్లో అదే రంగు సిమెంటు పాలు పూసి నాలుగైదు రోజులు తడపాలి. ఈ మధ్యలో ఆగడం ఇష్టం లేక పాలిష్ పట్టేవాళ్ళు ఒక్కరోజులో ముగిస్తామంటారు, ఒప్పుకోవద్దు. ఆఖరున చదరపు మీటరుకు 33 గ్రాముల ఆక్జాలిక్ ఆసిడ్ పొడి చల్లి రుద్ది కడుగుతారు. బాత్రూంలు కడిగే గాఢ ఆసిడ్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. అది పాలరాయినీ సిమెంటునూ రెంటినీ కరిగిస్తుంది. మీ గచ్చు మసకకు కారణం బహుశా అదే.

పగుళ్ళ సంగతి. గాజు లేదా అల్యూమినియం పట్టీ వెంటే పగులు ఉంటే పట్టీ తన పని తాను చేసింది, వదిలేయండి. గడి మధ్యలో ముక్క ఊడితే ఆ గడి వరకు పోయించవచ్చు. సిమెంటు మూడు పాళ్ళు, పాలరాతి పొడి ఒక పాలు తూకం ప్రకారం కలిపి, ఆ మిశ్రమం నాలుగు పాళ్ళకు రాతి ముక్కలు ఏడు పాళ్ళు కొలత ప్రకారం. రంగు కుదరడమే కష్టం. పాత గచ్చు ముక్కనొకదాన్ని తడిపి పక్కన పెట్టుకుని, నాలుగు రకాల పాళ్ళతో అరచేతి పలకలు పోసి, వారం ఆరాక పాలిష్ పట్టి పోల్చండి. పచ్చిగా ఉన్నప్పుడు కుదిరిన రంగు ఆరాక కుదరదు.

ప్రశ్న: పడమటి వైపు మెట్ల గదికి నిలువెత్తు జాలీ గోడ, కిటికీలకు నిలువు రెక్కలు ఉన్నాయి. దుమ్ము, దోమలు. జాలీని ఇటుకతో మూసి, రెక్కలు కొట్టేసి పెద్ద అద్దాలు పెట్టి ఏసీలు వేసుకుందామని మా అబ్బాయి. (కాజీపేట)

అబ్బాయిని మే నెల సాయంత్రం నాలుగింటికి ఆ గోడ బయటి వైపు చెయ్యి ఆనించమనండి.

వరంగల్ ఉన్నది 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. మార్చి 21 ప్రాంతాన మిట్టమధ్యాహ్నం సూర్యుడు 72 డిగ్రీల ఎత్తున ఉంటాడు. అంటే దక్షిణపు గోడకు రెండడుగుల సజ్జ ఉంటే దాని నీడ ఆరడుగుల కిందికి దిగి కిటికీనంతా కప్పుతుంది. డిసెంబరులో ఎత్తు 48 డిగ్రీలే, నీడ రెండడుగుల పావుకు తగ్గి చలిపొద్దు ఎండ గదిలోకి వస్తుంది. మే మధ్య నుంచి జూలై చివరిదాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నెత్తికి ఉత్తరంగా ఉంటాడు, అందుకే ఆ ఇళ్ళకు ఉత్తరం వైపు కూడా చిన్న సజ్జ పెట్టారు. పడమటికి సజ్జ పనికిరాదు, సాయంత్రపు ఎండ అడ్డంగా కొడుతుంది. దానికి మందు నిలువు రెక్కలు, జాలీలే. ఒక్కో రెక్క లెక్కతో పెట్టింది, అలంకారం కాదు. వాటిని కొట్టేసి అద్దం పెడితే ఆ వేడినంతా ఏసీ బిల్లుతో బయటికి తోడాలి.

జాలీకీ పని ఉంది. మెట్ల గది పైకి లేచిన గొట్టం లాంటిది. ఇంట్లో వేడిగాలి అందులోంచి ఎక్కి జాలీలోంచి పోతుంది. దోమలకు లోపలి వైపు చట్రానికి స్టీలు వల బిగించండి, ఆర్నెల్లకోసారి విప్పి కడిగేలా మరలతో. విరిగిన జాలీ బిళ్ళలు కొత్తగా పోయించడం తేలికే. బాగున్న బిళ్ళను అచ్చుగా పెట్టుకుని టేకు లేదా రబ్బరు అచ్చు చేయించి, సిమెంటు ఒకటికి ఇసుక, 6 మిల్లీమీటర్ల చిప్స్ కలిపి మూడు, మధ్యలో సన్నటి తీగ. మర్నాడు అచ్చు విప్పి పది రోజులు తొట్టిలో నానబెట్టాలి. ఆరుబయట నీళ్ళు చిలకరించి వదిలేసిన బిళ్ళలు మూలలు రాలుతాయి.

వెనక వసారాకు సిమెంటు రేకులున్నాయని కూడా రాశారు. పాత రేకుల్లో ఆస్బెస్టాస్ నారు ఉంటుంది. వాటిని డ్రిల్లు చేయకండి, పగలగొట్టకండి. తీయాల్సి వస్తే బాగా తడిపి, బోల్టులు కోసి, రేకు రేకుగా దించాలి.

ప్రశ్న: పాత ఇంట్లో చెక్క పట్టీల మీద వైరింగు ఉంది. బల్బులు, ఫ్యాన్లు బాగానే పనిచేస్తున్నాయి. మార్చక తప్పదా? (మంచిర్యాల)

తప్పదు. ఆ తీగల మీది రబ్బరు ఎండి పెళుసెక్కి ఉంటుంది, కదిపితే రాలుతుంది. ఎర్త్ తీగ చాలా గదుల్లో ఉండనే ఉండదు. గీజరు పెట్టిన రోజున తెలిసొస్తుంది. లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీకీ గీజరుకూ 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, కొత్త ఎర్త్ గొయ్యి, మెయిన్‌లో కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ.

గోడలు తవ్వేటప్పుడు ఎలక్ట్రీషియన్‌ను కనిపెట్టుకుని ఉండండి. ఇది పిల్లర్ల ఇల్లు కాదు, గోడే బరువు మోస్తోంది. నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు దాకా పోవచ్చు. అడ్డ గాడి ఆరో వంతు దాటకూడదు. తొమ్మిదంగుళాల గోడకది అంగుళంన్నర. పొడుగాటి అడ్డ గాడి అసలే వద్దు, పైపును స్లాబు కింద గోడ పైఅంచున బయటికే వేయించండి. పాత చెక్క పట్టీలు ఉన్న దారినే పోతే కంటికీ ఎబ్బెట్టుగా ఉండదు.

ప్రశ్న: పైన ఇంకో అంతస్తు లేపొచ్చా? (హనుమకొండ)

కప్పుగా పోసిన స్లాబు నేలగా మారితే మోయాల్సింది పెరుగుతుంది. పునాది రాతికట్టు వెడల్పు, లోతు ఎవరికీ తెలియదు. రెండు మూలల్లో పునాది పక్కన గొయ్యి తవ్వించి, స్ట్రక్చరల్ ఇంజినీరు కొలిచి రాసిస్తే తప్ప వద్దు. చోటు చాలకపోతే వెనక ఖాళీ జాగలో, పాత గోడను ఆనకుండా, రెండింటి మధ్య అంగుళం సందు వదిలి విడిగా కట్టుకోండి. కలిపి కడితే కొత్త పునాది కుంగేటప్పుడు పాత గోడనూ లాగుతుంది.

ప్రశ్న: మేం అమ్మేవాళ్ళం. నాన్నగారు 1968లో సొంత జీతంతో జాగ కొని ఇల్లు కట్టారు. వీలునామా రాయకుండా పోయారు. అమ్మ, ఇద్దరు అన్నదమ్ములం, చెల్లె. చెల్లె అమెరికాలో ఉంటది, "నాకేం వద్దు, మీరే అమ్ముకోండి" అని ఫోన్లో చెప్పింది. కొనేవాళ్ళ వకీలు ఒప్పుకోవట్లేదు. పన్ను రసీదు నా పేరు మీదే ఉంది కదా? (హనుమకొండ)

వకీలు మంచివాడు. పన్ను రసీదు మున్సిపాలిటీకి ఎవరు కడుతున్నారో చెబుతుంది, ఇల్లు ఎవరిదో చెప్పదు. స్వార్జితం, వీలునామా లేదు కాబట్టి అమ్మ, మీరిద్దరు, చెల్లె, నలుగురిదీ తలా పావు వంతు. ఫోన్లో వదులుకుంటే వదిలినట్టు కాదు. చెల్లె రిజిస్టరు చేసిన హక్కు విడుదల పత్రం రాయాలి, లేదా అమ్మకపు దస్తావేజులో నలుగురిలో ఒకరుగా ఉండాలి. రాలేకపోతే మీకో మీ అమ్మగారికో పవరాఫటార్నీ ఇవ్వవచ్చు. అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించాలి, లేదా నోటరీ చేయించి అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేందుకు వేసే ధ్రువముద్ర) వేయించాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు రుసుము కట్టించాలి. గడువు దాటించి బీరువాలో పెట్టుకున్న పవర్లతో రిజిస్ట్రేషను రోజున ఆగిపోయే బేరాలు చాలా.

పన్ను దగ్గర కూడా చెల్లె వాటా వేరు. ఇంటి ధర అందరికీ కలిపి 50 లక్షలు లేదా పైన ఉంటే, ఇక్కడ ఉండే మీ ముగ్గురి వాటాల్లోంచి కొనేవాళ్ళు ఒక శాతం టీడీఎస్ పట్టుకుంటారు. ప్రవాసి వాటాకు ఆ ఒక శాతం వర్తించదు. లాభం మీద 12.5 శాతం, పైన సెస్సు, వర్తిస్తే సర్‌చార్జీ. తక్కువ పట్టమని ఆదాయపన్ను శాఖ ఇచ్చే సర్టిఫికెట్ లేకపోతే, కొనేవాళ్ళు లాభం ఎంతో తేల్చలేక ఆమె వాటా మొత్తం మీద పట్టేస్తారు. బేరం కుదిరిన వెంటనే ఆ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టించండి.

లాభం లెక్కకు 1968 నాటి ధర అక్కర్లేదు. 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు, అయితే ఆనాటి రిజిస్ట్రేషన్ విలువ దాటకూడదు. రిజిస్టర్డ్ వాల్యుయర్ చేత రాయించుకోండి. దేశంలో ఉండే మీ ముగ్గురికీ ద్రవ్యోల్బణ సవరణతో 20 శాతమా, సవరణ లేకుండా 12.5 శాతమా అని ఎంచుకునే వీలుంది. ఏది తక్కువైతే అది. చెల్లెకు ఆ ఎంపిక లేదు.

కొనేవాళ్ళకు కూడా ఇక్కడే ఒక మాట. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) 1983 నుంచే వస్తుంది. 1968 నుంచి 1982 దాకా సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించాలి. అమ్మేవాళ్ళ తండ్రి ఎవరి దగ్గర కొన్నారో ఆ లింకు దస్తావేజు ఉర్దూలో ఉంటే అనువాదం చేయించి హద్దులు నేల మీద కొలవాలి. ఈసీ ఖాళీగా ఉందని నిశ్చింత పడొద్దు. అసలు పత్రాలు తాకట్టుపెట్టి తెచ్చిన చేబదుళ్ళు, వారసుల వివాదాలు, తెల్లకాగితం పంపకాలు అందులో కనిపించవు. అసలు దస్తావేజు చేతికి ఇస్తేనే బయానా ఇవ్వండి, జిరాక్సు చూసి కాదు. రిజిస్ట్రేషను ఖర్చులు అన్నీ కలిపి 7.5 శాతం, ప్రభుత్వ విలువా బేరం ధరా రెండింట్లో ఏది ఎక్కువైతే దాని మీద.

ప్రశ్న: నయీంనగర్ దగ్గర పాత ఇల్లు చూశాం. చెట్లు బాగున్నాయి, కానీ గోడకు ఏటవాలు పగులు ఉంది. వేపచెట్టు ఏడడుగుల దూరంలో ఉంది. చెట్టు కొట్టించమంటున్నారు. (వరంగల్)

పగులు రెండు చివర్లా పెన్సిలుతో అడ్డగీత గీసి తేదీ వేయండి, మధ్యలో వెడల్పు కొలవండి. మేలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి. ఎండల్లో తెరుచుకుని వానల్లో మూసుకుంటే పునాది కింద నల్లరేగడి ఉంది, చెట్టు దానిలో నీరు లాగుతోంది. అలాంటప్పుడు పెద్ద చెట్టును ఒక్కసారిగా కొట్టేస్తే మట్టి నీరు పట్టి ఉబ్బి గోడను పైకెత్తుతుంది. కొమ్మలు మూడో వంతు తగ్గించి, ఇంటి చుట్టూ మూడడుగుల గచ్చు వేసి, వాన గొట్టాల నీరు పునాది దగ్గర పడకుండా మళ్ళించండి. ఎర్ర మొరం నేలయితే చెట్టుది తప్పు కాకపోవచ్చు, సెప్టిక్ ట్యాంకు కారుతోందేమో చూడండి. చెట్టు కొట్టాల్సే వస్తే నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. పిట్టగోడలో మొలిచిన రావి మొక్కకు మాత్రం జాలి వద్దు, విరిస్తే మళ్ళీ లేస్తుంది, రాయి విప్పి వేరు తీయండి.

పగులు కంటే ముందు ఆ ప్రాంతంలో చూడాల్సింది నాలా. 2020 ఆగస్టులో, 2023 జూలైలో నయీంనగర్, హంటర్ రోడ్డు వైపు ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. హాల్లో కొత్త రంగు ఉంటుంది కాబట్టి స్టోరు రూము గోడ, బీరువా వెనక, గేటు కింది తుప్పు, మీటరు బోర్డు ఈమధ్య పైకి జరిపిన గుర్తు చూడండి. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయారు కాబట్టి రెండడుగుల పీఠం మీద కట్టిన ఇల్లు ఇప్పుడు రోడ్డుకు అరడుగు ఎత్తునో, సమానంగానో ఉంటుంది. గేటు దగ్గరి రోడ్డు నడిమికీ, హాలు గచ్చుకూ నీళ్ళ గొట్టంతో మట్టం పట్టించండి. రోడ్డే ఎత్తుగా ఉంటే, మోరీ నీళ్ళు బాత్రూంలోకి వెనక్కి తన్నకుండా గొట్టానికి కవాటం పెట్టే వీలుందో లేదో ప్లంబరును అడిగాకే ధర మాట్లాడండి. జాగ నాలా పరిధిలోకో, చెరువు ఎఫ్‌టీఎల్‌లోకో (నిండినప్పుడు నీరు నిలిచే హద్దు) వస్తుందా అన్నది మున్సిపల్ కార్పొరేషన్, నీటిపారుదల శాఖల నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. బ్రోకరు ఫోన్లో చూపించే మ్యాపు చెల్లదు.